మూడున్నర వేల కిలోమీటర్లు, పది అడుగులు

పోయిన ఏడాది వానాకాలంలో నాన్నను ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. విడవని జ్వరం, దానికి తోడు ముప్ఫయ్యేళ్ళ షుగరు. మూడు రాత్రులు నేనే తోడున్నాను. వార్డులో పన్నెండు మంచాలు. రాత్రి డ్యూటీకి ఒక్కతే సిస్టర్, ఇరవై నాలుగైదేళ్ళుంటాయేమో. నాన్న నిద్రపోయాక ఆమె పనిచేసే తీరు చూస్తూ కూచోవడం తప్ప నాకు వేరే పనిలేదు.

ఆమె చేతిలో గ్లౌవుల డబ్బా నుంచి చింపిన అట్టముక్క ఒకటుండేది. మంచం నంబరు, టైము, బీపీ, షుగరు, జ్వరం, అన్నీ దానిమీదే రాసుకునేది. కంప్యూటరు లేక కాదు. వార్డు గుమ్మం పక్కనే కౌంటరు, కౌంటరు మీద పెద్ద తెర. రెండో రాత్రి ఉండబట్టలేక అడిగాను, ఇవన్నీ అందులో ఎక్కించరా సిస్టర్ అని.

“ఎక్కిస్తానన్నా, డ్యూటీ దిగేముందు. మంచం మంచానికీ అక్కడికి పోయి రావాలంటే తెల్లారిపోద్ది. పోయినప్పుడల్లా మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుద్ది.”

నేనేం మాట్లాడలేదు. ఎందుకో కొంచెం ఆగి చెప్తాను.

ఆ రాత్రే రెండింటికి నాన్నకు చెమటలు పట్టాయి. సిస్టర్ వేలికి గుచ్చి చూస్తే షుగరు 68. గ్లూకోజు తాగించింది. మూడింటికి మళ్ళీ చూస్తే 142. నాన్న పడుకున్నాడు. పొద్దున ఏడూ నలభైకి ఆమె కౌంటరు దగ్గర నిలబడి, అట్ట చూస్తూ పన్నెండు మంచాల రాత్రంతా గబగబా టైపు చేసింది. ఎనిమిదిన్నరకి రౌండ్సుకొచ్చిన డాక్టరుగారు తెర చూసి కంగారుపడ్డారు. తెరమీద నాన్న చివరి షుగరు 68, టైము ఏడూ నలభై రెండు. 142 దానికంటే ఒక నిమిషం ముందు. ఏది ఎప్పుడు చూశారో ఆ తెరకి తెలీదు, ఏది ఎప్పుడు టైపు చేశారో తెలుసంతే. పొద్దున వెయ్యాల్సిన ఇన్సులిన్ ఆపేసి సెలైన్ పెట్టమని చెప్తుండగా, భుజాన బ్యాగు తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళిన సిస్టర్ వెనక్కొచ్చి, జేబులోంచి అట్ట తీసి చూపించింది. ఇంకోసారి వేలికి గుచ్చి చూశారు. 160.

ఏమీ కాలేదు. కానీ ఆ ఉదయం నాన్నను కాపాడింది తెర కాదు, అట్ట.

నేను మాట్లాడకపోవడానికి కారణమిది: నా ఉద్యోగం ఇలాంటి సాఫ్ట్‌వేర్ తయారుచెయ్యడమే. ఆ ఆసుపత్రిలోది మాది కాదు. కానీ మాదీ అంతే. మూడు నిమిషాలు ముట్టుకోకపోతే లాగౌట్ అయిపోవాలని, టైము మనిషి చేత రాయించకుండా మెషీనే వెయ్యాలని మా టీము నిర్ణయించిన కాల్‌లో నేనూ ఉన్నాను. రెండోదాని కోసం గట్టిగా వాదించింది నేనే. మనుషులు టైము తప్పుగా రాస్తారని నా వాదన. హైదరాబాదులో నేను, పుణెలో ఒకరు, బెంగళూరులో ఇద్దరు, ఇంగ్లండులో ఒక సలహాదారు డాక్టరు. ఏళ్ళ తరబడి ఒకరి ముఖం ఒకరం నేరుగా చూడకపోయినా చక్కగా పనిచేసుకుంటున్నామని మాకు గర్వం. వార్డులో ఒక రాత్రి గడిపినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు. డాక్టరుగారు గడిపి ఉంటారు, కానీ మంచాల పక్కన అట్ట పట్టుకుని కాదు.

నాన్న ఇంటికొచ్చాక, ఎక్కడెక్కడో కూచుని వైద్యం కోసం కంప్యూటరు పనిముట్లు చేసే ఈ పద్ధతి ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ వెళ్ళాను. అది నన్ను యాభై ఏళ్ళ వెనక్కి, కాలిఫోర్నియాలో ఒక గదిలో ఉన్న మెషీన్ దగ్గరికి తీసుకెళ్ళింది.

*

కథ వైద్యంతో మొదలవలేదు. అంగారకుడితో మొదలైంది. జాషువా లెడర్‌బర్గ్ బాక్టీరియా జన్యుశాస్త్రంలో చేసిన పనికి 1958లో, 33 ఏళ్ళకే, నోబెల్ అందుకున్నవాడు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌కి వచ్చి జన్యుశాస్త్ర విభాగం మొదలుపెట్టాడు. వేరే గ్రహాల మీద జీవం ఉందా అన్నది ఆయనకున్న పెద్ద పిచ్చి. అంగారకుడి మీదికి పంపిన పరికరం మట్టిలోని అణువుల్ని విడగొట్టి ఒక చిత్రం పంపిస్తే, దాన్ని చూసి అది ఏ అణువో చెప్పగలిగే ప్రోగ్రాం ఉండాలి కదా. 1965లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడితో కలిసి డెండ్రల్ మొదలుపెట్టాడు. కుటుంబ నియంత్రణ మాత్ర వెనకున్న రసాయన శాస్త్రజ్ఞుల్లో ఒకడైన కార్ల్ జెరాసీ, తత్త్వశాస్త్రం చదువుకుని ఇటొచ్చిన బ్రూస్ బుకానన్ తర్వాత కలిశారు. ఒక నిపుణుడి బుర్రలో ఉన్నదాన్ని నియమాలుగా రాసి మెషీన్‌కి ఇస్తే, అది ఆ ఒక్క రంగంలో నిపుణుడిలా ఆలోచించగలదని డెండ్రల్ చూపించింది.

అక్కడినుంచి వైద్యానికి రావడానికి ఎంతో దూరం లేదు. డాక్టరూ అంతే కదా, కనిపించే గుర్తుల నుంచి కనిపించని కారణానికి వెళ్తాడు. అడ్డమల్లా, అలాంటి ప్రోగ్రాములు నడపగలిగే పెద్ద మెషీన్లు చాలా ఖరీదు. వైద్య కళాశాలలన్నిటికీ తలా ఒకటి కొనిచ్చే స్థితి ఎవరికీ లేదు.

లెడర్‌బర్గ్ ఆలోచన ఇది. మెషీన్ ఒక్కటే, పనిచేసేవాళ్ళు మాత్రం దేశమంతటా. అప్పటికి అమెరికా రక్షణశాఖ డబ్బుతో ఆర్పానెట్ అనే కంప్యూటర్ల వల నడుస్తోంది. మెషీన్‌ని స్టాన్‌ఫర్డ్‌లో పెట్టి, దాన్ని ఆ వలకి తగిలిస్తే, ఎక్కడో ఉన్న డాక్టరు కూడా తన గదిలోంచే దాన్ని వాడుకోవచ్చు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ 1973 చివర్లో డబ్బిచ్చింది. 1974లో పీడీపీ-10 అనే కంప్యూటరు వచ్చింది. దాని పేరు సూమెక్స్-ఎయిమ్. విడగొడితే స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ మెడికల్ ఎక్స్‌పెరిమెంటల్ కంప్యూటర్, ఆర్టిఫీషియల్ ఇంటెలిజెన్స్ ఇన్ మెడిసిన్. పేరు పొడుగే గానీ అందులో ఒక ఒప్పందం ఉంది. మెషీన్‌లో స్టాన్‌ఫర్డ్ వైద్య కళాశాలకి ఎంత వాటా ఉంటుందో, బయటి ఊళ్ళవాళ్ళకీ అంత వాటా ఉండాలి. ఎవరిని చేర్చుకోవాలో చూడ్డానికి బయటి సభ్యులున్న కమిటీలు. ఆర్పానెట్ లేని ఊళ్ళవాళ్ళు టైమ్‌నెట్ అనే వాణిజ్య నెట్‌వర్క్ ద్వారా తమ ఊరి ఫోన్ నంబరుకి డయల్ చేసి లోపలికి రావచ్చు.

లోపలికి వచ్చాక ఏముంటుంది? ఇవాళ మనం వాడేదాంట్లో చాలా భాగం ఉండేది. ఉత్తరాలు పంపుకునేవాళ్ళు. ఒకరి ఫైలు ఇంకొకరు తెరిచి చూసేవాళ్ళు. మెషీన్ నడిపే టెనెక్స్ అనే వ్యవస్థలో లింక్ అని ఒక ఆదేశం ఉండేది. అది ఇస్తే మీ టెర్మినల్ మీద పడే అక్షరాలే ఇంకో ఊళ్ళో మీ స్నేహితుడి టెర్మినల్ మీదా పడతాయి. స్క్రీన్ షేర్ అని మనం ఏదో నిన్న మొన్నటి వింతలా చెప్పుకుంటాం. టెలిఫోన్ లైనులో సెకనుకి 30 అక్షరాలు పాకే కాలంలోనే వాళ్ళు చేశారది. 1978లో లెడర్‌బర్గ్ ఒక వ్యాసం రాసి, ఇలా కంప్యూటర్ మీద శాస్త్రజ్ఞులు రాసుకోవడాన్ని కొత్త అక్షరాస్యత అన్నాడు. తెరమీది ఉత్తరానికి యూగ్రామ్ అని పేరు కూడా పెట్టాడు. పేరు నిలవలేదు. అలవాటు నిలిచింది.

*

ఆ దూరపు ఒప్పందం బాగా ఉపయోగపడింది పిట్స్‌బర్గ్ డాక్టరు జాక్ మయర్స్‌కి. అక్కడి విశ్వవిద్యాలయంలో పదిహేనేళ్ళు వైద్యవిభాగం నడిపి, 1970లో ఆ కుర్చీ దిగిపోయిన పేరున్న ఫిజీషియన్. జనరల్ మెడిసిన్ మొత్తాన్ని ఏ మనిషీ బుర్రలో పెట్టుకోలేని రోజులొచ్చాయని ఆయనకు అర్థమైంది. హ్యారీ పోపుల్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడితో, రాండల్ఫ్ మిల్లర్ అనే కుర్ర వైద్య విద్యార్థితో కలిసి ఇంటర్నిస్ట్-1 తయారుచేశాడు. మయర్స్ బుర్ర పిట్స్‌బర్గ్‌లో ఉంది. దాన్ని ఎక్కించుకునే మెషీన్ స్టాన్‌ఫర్డ్‌లో ఉంది. మధ్యలో మూడున్నర వేల కిలోమీటర్లు. పిట్స్‌బర్గ్‌లో పొద్దున తొమ్మిదైతే కాలిఫోర్నియాలో ఇంకా ఆరే. అక్కడివాళ్ళు లేచి మెషీన్ మీద పడేలోపు ఇక్కడివాళ్ళకి మూడు గంటలు దొరికేవన్నమాట.

పని ఎలా జరిగిందో చూస్తే ముచ్చటేస్తుంది. ఒక జబ్బు తీసుకుంటారు. విద్యార్థులు దానిమీద వచ్చిన వ్యాసాలన్నీ వారాల తరబడి చదువుతారు. ఆ జబ్బులో కనిపించే లక్షణాలన్నీ జాబితా రాస్తారు. ఒక్కో లక్షణానికీ రెండు ప్రశ్నలు. కామెర్లు కనిపిస్తే ఈ జబ్బు గుర్తుకు రావడం ఎంత సబబు? దానికి 0 నుంచి 5 దాకా అంకె. ఈ జబ్బున్నవాళ్ళలో కామెర్లు ఎంత తరచుగా వస్తాయి? దానికి 1 నుంచి 5 దాకా అంకె. ఇలా 500 పైచిలుకు జబ్బులు. మెషీన్‌కి ఎక్కించడం, పాత కేసులతో పరీక్షించడం, తప్పొస్తే అంకె మార్చడం. ఏళ్ళు పట్టింది.

ఇదే మెషీన్ చుట్టూ చేరినవాళ్ళలో న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్ళున్నారు. సాల్ అమరెల్, కాసిమిర్ కులికౌస్కీ, షోలమ్ వైస్. న్యూయార్క్ కంటి డాక్టరు ఆరన్ సఫీర్‌తో కలిసి వాళ్ళు గ్లకోమాకి కాస్‌నెట్ అనే ప్రోగ్రాం రాశారు. జబ్బును ఒక ముద్దగా కాకుండా, ఒక దశ నుంచి ఇంకో దశకి కాలంతో పాటు నడిచే వరసగా చూడటం దాని ప్రత్యేకత. వేర్వేరు ఊళ్ళ గ్లకోమా నిపుణులు ఆ ఒక్క ప్రోగ్రాంనే దూరం నుంచి వాడి, తమ కేసులతో దాన్ని సరిదిద్దారు. 1975 నుంచి వీళ్ళందరూ కలుసుకోవడానికి రట్గర్స్‌లో సమావేశాలు కూడా మొదలయ్యాయి. మనుషులు ఎదురెదురుగా కూచోవడం దండగని వాళ్ళెప్పుడూ అనుకోలేదు.

ఇక్కడ మనవాడొకాయన పరోక్షంగా కనిపిస్తాడు. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేసి, 1969లో కార్నెగీ మెలన్‌కి, అంటే మయర్స్ ఉన్న పిట్స్‌బర్గ్‌కే వెళ్ళాడు. అక్కడ ఆయన బృందం మాట్లాడే మాటను గుర్తుపట్టే హియర్‌సే అనే ప్రోగ్రాం చేసింది. అందులో ఒక ఆలోచన ఉంది: నల్లబల్ల. శబ్దం తెలిసిన భాగం ఒకటి, పదాలు తెలిసిన భాగం ఒకటి, వ్యాకరణం తెలిసిన భాగం ఒకటి. ఇవి ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవు. అందరికీ కనిపించే ఒక నల్లబల్ల మీద తమకు తోచింది రాస్తాయి. ఇంకొకటి రాసింది చూసి తమది సరిదిద్దుకుంటాయి. ఈ పద్ధతినే సూమెక్స్ మీద నడిచిన క్రిసలిస్ అనే ప్రోగ్రాం, ప్రొటీన్ల ఆకారం కనిపెట్టడానికి వాడుకుంది. రాజ్ రెడ్డి, ఫైగెన్‌బామ్ ఇద్దరూ కలిసి 1994 ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

నాకు సూమెక్స్ అంతా ఒక పెద్ద నల్లబల్లలా కనిపిస్తుంది. దూరాన ఉన్నవాళ్ళు కలిసి పనిచెయ్యగలిగింది వైర్ల వల్ల మాత్రమే కాదు. ఒకరి బుర్రలో ఉన్నది ఇంకొకరు చదివి తప్పుపట్టగలిగేలా రాయడం నేర్చుకున్నారు. మయర్స్ రాసిన 3ని ఇంకో డాక్టరు 2 అనొచ్చు. అనాలంటే ముందు అది బల్ల మీద ఉండాలి.

మరి ఆ నల్లబల్ల మీద రాయనిదెవరు? ఖమ్మం నుంచి వచ్చిన కళ్ళతో చదువుతున్నాను కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

*

సూమెక్స్ కథల్లో అందరికీ తెలిసింది మైసిన్. ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ అనే వైద్య విద్యార్థి పీహెచ్‌డీ పని అది. బుకానన్, స్టాన్లీ కోహెన్ దారి చూపారు. జన్యువుల్ని కత్తిరించి అతికించే విద్యకి పునాది వేసినవాళ్ళలో ఒకడైన కోహెనే ఈయన. ఆసుపత్రిలో ఒక మందుకీ ఇంకో మందుకీ పడకపోతే పట్టుకునే కంప్యూటర్ పద్ధతి మీద కూడా పనిచేస్తుండేవాడు. రక్తంలో ఇన్‌ఫెక్షన్, మెనింజైటిస్ లాంటివాటికి ఏ సూక్ష్మజీవి కారణమో, ఏ యాంటీబయాటిక్ ఎంత ఇవ్వాలో మైసిన్ చెప్తుంది. యాంటీబయాటిక్ పేర్ల చివర వచ్చే తోకే దాని పేరు. అది ప్రశ్న అడిగినప్పుడు డాక్టరు “ఎందుకు?” అని టైపు చేస్తే, ఏ నియమం కోసం అడుగుతోందో చెప్తుంది. ఇప్పటి మెషీన్లను అడిగి చూడండి, ఇంత నిజాయితీగా జవాబు చెప్పేవి తక్కువ.

1979లో దాని పరీక్ష ఫలితాలు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చాయి. పది మెనింజైటిస్ కేసులు. మైసిన్ ఇచ్చిన చికిత్స, తొమ్మిది వైపుల నుంచి మనుషులు సూచించిన చికిత్సలు. ఏది ఎవరిదో చెప్పకుండా ఎనిమిదిమంది నిపుణులకి ఇచ్చారు. మైసిన్ సలహా సమ్మతమేనన్న తీర్పులు 65 శాతం. ఆ విద్యలోనే ఉన్న ఐదుగురు అధ్యాపక డాక్టర్లకి వచ్చినవి 42.5 నుంచి 62.5 శాతం.

ఇంత గెలిచిన మైసిన్‌ని ఏ వార్డులోనూ రోజువారీగా వాడలేదు.

కారణాలు చాలా చెప్తారు. తప్పు జరిగితే బాధ్యతెవరిది అన్న ప్రశ్న ఒకటి. కానీ అన్నిటికన్నా మామూలు కారణం, రోగి వివరాలన్నీ ఎవరో ఒకరు టెర్మినల్ ముందు కూచుని ఒక్కో ప్రశ్నకీ జవాబుగా టైపు చెయ్యాలి. అవన్నీ అప్పటికే కేస్ షీట్‌లో రాసి ఉన్నాయి. మళ్ళీ ఎవరు టైపు చేస్తారు? మూడున్నర వేల కిలోమీటర్లు దాటిన సమాచారం, మంచానికీ టెర్మినల్‌కీ మధ్యనున్న పది అడుగులు దాటలేకపోయింది.

ఇంటర్నిస్ట్-1 మీద 1982లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన వ్యాసం నాకు మరీ నచ్చింది, దాని నిజాయితీ వల్ల. ఆ పత్రికలోనే వచ్చిన 19 కఠినమైన కేసులు ఇచ్చి చూశారు. నిర్ధారణ అయిన జబ్బులు 43. ప్రోగ్రాం 25 పట్టుకుంది. ఆ రోగుల్ని చూసిన డాక్టర్లు 28, కేసుని చర్చించిన నిపుణులు 35. తర్వాత మిల్లర్, పోపుల్, మయర్స్ ముగ్గురూ తమ ప్రోగ్రాం ఇంకా రోగుల దగ్గరికి తీసుకెళ్ళేంత నమ్మకమైంది కాదని తామే రాసి, లోపాల జాబితా ఇచ్చారు. దాని ఆలోచనని అది వివరించలేదు. శరీరంలో ఏ అవయవం ఎక్కడుందో దాన్నిబట్టి ఆలోచించలేదు. కాలాన్నిబట్టి ఆలోచించలేదు.

ఆ చివరి మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఏది ముందు, ఏది వెనక అన్నది ఆ ప్రోగ్రాంకి పట్టదు. 68 ముందా, 142 ముందా? 1982లో ముగ్గురు మనుషులు అచ్చులో ఒప్పుకున్న లోపాన్ని, నలభై ఏళ్ళ తర్వాత నేను గట్టిగా వాదించి మరీ మా సాఫ్ట్‌వేర్‌లో పెట్టించాను. తేడా ఒక్కటే. వాళ్ళ ప్రోగ్రాంని వార్డులోకి రానివ్వలేదు. మాది వార్డుల్లో ఉంది.

*

మరి గుమ్మం దాటినవే లేవా? ఉన్నాయి.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని పసిఫిక్ మెడికల్ సెంటర్‌లో ఊపిరితిత్తుల పరీక్షలు చేసే ల్యాబ్ ఉండేది. రోగి గొట్టంలోకి ఊదితే పరికరం అంకెలిస్తుంది. డాక్టరు ఆ అంకెలు చూసి రిపోర్టు రాస్తాడు. మైసిన్‌లోంచి ఇన్‌ఫెక్షన్ల జ్ఞానం తీసేసి మిగిలిన డొల్లని వాడుకుని, ఈ పనికి స్టాన్‌ఫర్డ్ వాళ్ళూ ఆ ల్యాబ్ డాక్టర్లూ కలిసి పఫ్ అనే ప్రోగ్రాం చేశారు. సూమెక్స్ మీద పుట్టి పెరిగింది. తర్వాత దాన్ని బేసిక్ భాషలో తిరగరాసి, ఆ ల్యాబ్‌లోనే ఉన్న చిన్న కంప్యూటర్‌లోకి దించారు. రోజూ వాడుకలోకి వచ్చింది. రిపోర్టు ముసాయిదా అది రాస్తే, డాక్టరు చూసి, అవసరమైతే మార్చి సంతకం పెట్టేవాడు. ఎవరూ ఎక్కడికీ కొత్తగా నడవనక్కర్లేదు. అంకెలు అప్పటికే అక్కడున్నాయి.

షార్ట్‌లిఫ్ కూడా మైసిన్ నుంచి పాఠం నేర్చుకున్నాడు. తర్వాత క్యాన్సర్ చికిత్స కోసం చేసిన ఆంకోసిన్‌లో డాక్టరుని ప్రశ్నలు అడగడం మానేశారు. స్టాన్‌ఫర్డ్ క్యాన్సర్ క్లినిక్‌లో డాక్టర్లు ప్రతి రోగికీ ఒక పెద్ద కాగితం నింపుతుండేవాళ్ళు, నిలువు గడుల్లో తేదీలు, అడ్డం గడుల్లో పరీక్షలు, మందులు. ఆ కాగితాన్నే తెరమీదికి తెచ్చారు. డాక్టరు ఎప్పటిలాగే గడులు నింపుకుంటూ పోతే, ప్రోగ్రాం వెనకనుంచి చూస్తూ ఈసారి మందు ఎంత ఇవ్వాలో సూచిస్తుంది. గమనించారా, తేదీ ఆ కాగితంలోనే ఉంది. కాలం మొదటి గడిలోనే ఉంది.

ఇంటర్నిస్ట్ మిల్లర్ 1990లో ఒక సహచరుడితో కలిసి రాసిన వ్యాసంలో, డాక్టరు ప్రశ్న వేసి చేతులు కట్టుకుంటే గ్రీకు గుడిలో వాణిలా మెషీన్ జవాబు పలుకుతుందన్న నమూనాకి కాలం చెల్లిందన్నాడు. పదహారు పదిహేడేళ్ళు ఆ వాణిని తయారుచేసిన మనిషి అన్న మాట.

ఇంకో చిన్న సంగతి కూడా చెప్పాలి. 1980లో సూమెక్స్ మీద డీఎన్ఏ వరసల్ని పరిశీలించే ప్రోగ్రాముల్ని బయటి జీవశాస్త్రజ్ఞులకి తెరిచారు. ఎవరూ బతిమాలకుండానే ఎగబడ్డారు. తాకిడి తట్టుకోలేక చివరికి ఆ తలుపు ముయ్యాల్సొచ్చింది. డాక్టర్లు రాని మెషీన్‌కి వీళ్ళెందుకొచ్చారు? వాళ్ళ పని అప్పటికే అక్షరాల్లో ఉంది. రాసేవాళ్ళూ వాళ్ళే, చదివేవాళ్ళూ వాళ్ళే. వార్డులో అలా కాదు. రాసేది సిస్టర్, చదివేది డాక్టరు, ఆ రెంటికీ మధ్య గడులు గీసేది నాలాంటివాడు.

అందుకని సూమెక్స్ ఓడిపోయిందని నేను అనను. నేను ఇవాళ పుణెలో ఉన్న మనిషితో కలిసి పనిచెయ్యగలుగుతున్న తీరులో వాళ్ళు ఉన్నారు. వాళ్ళు దూరాన్ని నిజంగానే జయించారు. కాకపోతే ఏ దూరం అన్నది అడగాలి. నిపుణుడికీ నిపుణుడికీ మధ్య దూరం మొదట తగ్గింది, ఎందుకంటే గీతకి రెండువైపులా ఉన్నవాళ్ళకి ఆ పనే పని. మూడోవైపు ఉన్న మనిషికి వంద పనుల్లో అదొకటి.

*

సెలవు అయ్యాక మొదటి కాల్‌లో అట్ట ఫోటో చూపించాను. ఆ పొద్దున సిస్టర్‌ని అడిగి, నాన్న వరస తప్ప మిగతావి చేత్తో కప్పి తీసుకున్నది. ఎర్ర ఇంకు, మధ్యలో ఒక చుక్క గ్లూకోజు మరక. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత, ‘చూసిన టైము’ అని ఒక గడి పెడదామన్నారు పుణె ఆవిడ. నెల తిరక్కుండానే పెట్టాం. లాగౌట్ మూడు నిమిషాల దగ్గరే ఉండిపోయింది. రోగుల వివరాల గోప్యత కోసం అది అవసరమేనన్నారు, కాదని నేనూ అనలేకపోయాను. నాలుగో మాట కూడా అన్నాను. ఈ కాల్స్‌లో ఒక నర్సు ఉండాలని. రాత్రి డ్యూటీ చేసొచ్చినవాళ్ళని పగలు కాల్‌కి పిలవడమెలా అన్నారు. నిజమే. దానికింకా జవాబు దొరకలేదు.

డిశ్చార్జి రోజు సాయంత్రం సిస్టర్ డ్యూటీలోనే ఉంది. నా ఉద్యోగమేంటో అప్పుడు చెప్పాను. తిడుతుందేమో అనుకున్నా. నవ్వింది. “అయితే మీరేనా అన్నా మమ్మల్ని ఇన్ని తిప్పలు పెట్టేది?” అంది. సరే, మరి ఎలా ఉండాలో మీరే చెప్పండి అన్నాను.

జేబులోంచి ఆ రోజు అట్ట తీసింది. అప్పటికే సగం నిండి ఉంది.

“ఇంత ఉంటే చాలు. తడిచినా ఏం కాకూడదు.”

అంటూనే ఏడో నంబరు మంచం వైపు వెళ్ళిపోయింది.